నల్ల కారుకు అద్దం పట్టిన మిషన్

చేతిలో పట్టుకుంటే రెండున్నర కిలోలుంటుందేమో. కింద ఐదంగుళాల గుండ్రటి స్పాంజి ప్యాడు. స్విచ్చి వేస్తే ఆ ప్యాడు తిరుగుతోందో, ఊగుతోందో కంటికి అందదు. నిజానికి రెండూ ఒకేసారి చేస్తుంది. పూర్తి పేరు డ్యుయల్ యాక్షన్ ఆర్బిటల్ పాలిషర్. రోజూ దానితో పనిచేసే కుర్రాళ్లు 'డీఏ' అని తేల్చేస్తారు. ఈ మధ్యే దాని పనితనం కళ్లారా చూశాను. అప్పటినుంచి నల్ల కారున్నవాళ్లు ఎవరు కనబడ్డా ఆపి మరీ చెబుతున్నాను: మీ కారు రంగు మీరింకా చూడనేలేదు!

నేను చూసింది విజయవాడ పటమటలో, మా బావగారి అపార్టుమెంటు సెల్లార్లో. ఆయనది నల్ల ఎస్‌యూవీ. నీడలో నిగనిగలాడుతుంది. బందరు రోడ్డుమీదికి వచ్చి ఎండ పడిందంటే చాలు, బానెట్ నిండా సాలెగూడు. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వేలకొద్దీ సన్నటి గీతలు వలయాలు వలయాలుగా లేస్తాయి. ఆటోనగర్‌లో పెయింటింగ్ పని నేర్చుకుని, ఇప్పుడు ఇళ్లకే వచ్చి పాలిష్ పట్టే కుర్రాడొకడు ఆ రోజు వచ్చాడు. కారు కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, బానెట్ మధ్యలో నిలువుగా మాస్కింగ్ టేపు అంటించాడు.

"ముందు ఒకపక్కే చేస్తానండీ. మీరు చూసి చెప్పండి, అప్పుడు రెండోపక్క" అన్నాడు.

ప్యాడుమీద శనగ గింజంత పాలిష్ చుక్కలు నాలుగు వేశాడు. తీసుకున్న జాగా అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే. మిషన్‌ని ముందు బానెట్‌కి ఆనించి, ఆ తరవాతే స్విచ్చి వేశాడు. నిలువుగా వరసలు, మళ్లీ వాటిమీదే అడ్డంగా వరసలు. ప్రతి వరసా ముందు వరసను సగం కప్పుతూ పోయింది. ఎంత నెమ్మదిగానో! క్షణానికి అంగుళం కదిలిందేమో. తరవాత మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాడు, టేపు పీకాడు, టార్చి వేశాడు.

టేపుకు ఎడమపక్క సాలెగూడు అలాగే ఉంది. కుడిపక్క టార్చి కనబడింది. టార్చి వెలుగు కనబడటం వేరు, టార్చే కనబడటం వేరు. దాని అంచు, లోపలి గాజు, అందులో విడివిడిగా ఎల్‌ఈడీ చుక్కలు, పక్కన ఆ కుర్రాడి వేళ్లు, పైన సెల్లార్ కప్పుకి ఉన్న పైపులు. గీత అన్నది లేదు. బావగారు వంగి వేలితో తడిమి చూశారు. నేనూ తడిమాను. అదే కారు, అదే రంగు, మధ్యలో అంగుళం వెడల్పు టేపు జాగా!

అసలు నల్ల కారుమీదే గీతలు ఇంతగా ఎందుకు కనబడతాయి? ఇది తెలుసుకున్నాక ఆ మిషన్ అంటే ఇంకా గౌరవం పెరిగింది. ఇప్పటి కార్లకు రంగుమీద రంగులేని పూత ఇంకోటి ఉంటుంది, క్లియర్ కోటు. మెరుపంతా దానిదే. నిటారుగా పడిన వెలుగులో ఆ పూత పైముఖం వెనక్కి పంపేది నూటికి నాలుగు వంతులే. మిగిలిన తొంభై ఆరూ లోపలికి దిగుతాయి. కారు తెల్లదైతే, లోపలి రంగు దాన్లో ఎక్కువ భాగాన్ని బయటికి తిప్పి పంపుతుంది. ఆ వెల్లువలో ఒక సన్న గీత చెదరగొట్టిన కాసింత వెలుగు ఎవరి కంటా పడదు. నల్ల రంగు లోపలికొచ్చినదాన్ని దాదాపుగా మింగేస్తుంది. ఇక మన కంటికి మిగిలేది పైముఖం పంపిన ఆ నాలుగు వంతులే. వాటికి ఒక్క గీత అడ్డం వచ్చినా దాచేందుకు ఇంకేమీ లేదు. నల్ల కారును చూస్తున్నామంటే దాని పైపూత నునుపును చూస్తున్నామన్నమాట. ముదురు నీలం, ముదురు ఎరుపు, చాక్లెట్ రంగు కార్లక్కూడా ఇదే కథ, కాస్త తక్కువ మోతాదులో.

ఇంకో వింత వినండి. ఆ గీతలు గుండ్రటివి కావు! కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ అన్ని దిక్కులకూ పడ్డ గీతల్లో చాలామటుకు తిన్నటివే. వాటిలో దీపానికి అడ్డంగా ఉన్న ముక్కలు మాత్రమే మన కంటివైపు వెలుగు విసురుతాయి. అలాంటి ముక్కలన్నీ దీపం ప్రతిబింబం చుట్టూ చేరి వలయాలుగా కనబడతాయి. మీరు పక్కకు నాలుగడుగులు వేస్తే వలయాలూ మీతో పాటే జరుగుతాయి. ఈసారి రాత్రిపూట పెట్రోలు బంకులో ఆగినప్పుడు ఏదైనా నల్ల కారు చుట్టూ ఒకసారి నడిచి చూడండి, మీకే తెలుస్తుంది.

మన ప్రాంతంలో గీతలు ఎలా పడతాయని ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు. కృష్ణ ఇసుక లారీలు, ఇబ్రహీంపట్నం వైపు బూడిద లారీలు, కోతల రోజుల్లో ఉయ్యూరు, గుడివాడ రోడ్లమీద లేచే వరి దుమ్ము. ఏటి ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్. గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో దానిది 7. మామూలు ఇనుము దానికన్నా బాగా కిందే ఆగిపోతుంది, ఇక ప్లాస్టిక్ లాంటి క్లియర్ కోటు ఎంత? పొద్దున్నే వాచ్‌మన్ ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడుచుకుంటూ వస్తాడు. పాపం, ఇచ్చింది ఆ ఒక్క గుడ్డే. మొదటి కారు ఇసుక రేణువు ఐదో కారు బానెట్‌మీద సంతకం పెడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన కార్లున్నాయి. బురద ఆరిపోయాక పొడి గుడ్డతో దులిపితే ఆ ఒండ్రు చేసే పని ఇంకా దారుణం.

బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలి. డెల్టాలో సముద్రంవైపు పోయేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. వాటితో కడిగి ఎండలో వదిలేస్తే నల్ల బానెట్‌మీద తెల్లటి గుండ్రటి మచ్చలు మిగులుతాయి. గోరుతో గీకితే గీతలు, వదిలేస్తే పూతలోకి దిగుతాయి. నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది: చివరి కడుగు ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యానుతో కానిచ్చేయడం. మచ్చ పడితే గదా తీయాల్సింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య మనవాళ్లకు నల్ల కారుమీద మోజు బాగా పెరిగింది. దేశంలో ఇప్పటికీ ఎక్కువగా అమ్ముడుపోయేది తెల్లదే. అయినా టాటావాళ్లు 2019లో హారియర్‌కి డార్క్ ఎడిషన్ తెచ్చాక, 2022లో హ్యుందాయ్ క్రెటాకి నైట్ ఎడిషన్ వచ్చాక, నాపోలీ బ్లాక్ రంగు థార్‌లు రోడ్డెక్కాక, బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే ముందు వరసలో నల్లటిదొకటి ఉండి తీరుతోంది. వాటిని చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు ఆ టేపు గుర్తొస్తోంది.

పాలిష్ మిషన్ అనేది మన ఊరికి కొత్తేం కాదు. జవహర్ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్ల దగ్గర్నుంచి స్కూలు బస్సుల దాకా రంగులు వేసే షెడ్లలో రోటరీ మిషన్ మోత ఎప్పుడూ ఉండేదే. అందులో ప్యాడు ఒకే ఇరుసుమీద గిర్రున తిరుగుతుంది, నిమిషానికి వెయ్యి నుంచి మూడువేల చుట్లు. చాలా బలమైన పనిముట్టు. వాటర్ పేపరు కొట్టిన గీతల్ని సైతం చూస్తుండగానే చెరిపేస్తుంది. డెంటింగ్, పెయింటింగ్ చేసే మేస్త్రీకి అది లేనిదే రోజు గడవదు. కానీ దాని పనంతా ఒకే దిశలో సాగుతుంది. ఒకచోట కాస్త ఎక్కువసేపు నిలిస్తే వేడి పుడుతుంది. అంచుమీదకి వెళితే క్లియర్ కోటు లేచిపోవచ్చు. ఎంత చేయి తిరిగినవాడైనా, ఆఖరి చుట్టు సన్నంగా వేయకపోతే నల్ల రంగుమీద పొగ తెరల్లాంటి చారలు మిగులుతాయి. హోలోగ్రాములంటారు వాటిని. షెడ్డు నీడలో కనబడవు, రోడ్డుమీద ఎండలో కనబడతాయి. తెల్ల కార్ల కాలంలో వీటిని ఎవరూ పట్టించుకోలేదు గాని, నల్ల కారుకు ఇది పెద్ద విషయం.

డీఏ చమత్కారమంతా దాని ఇరుసులోనే ఉంది. మోటారు ఇరుసుకూ ప్యాడు నడిమధ్యకూ సరిగ్గా పొంతన కుదరకుండా కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిపి బిగిస్తారు. మోటారు తిరిగితే ప్యాడు మొత్తం చిన్న వలయంలో ఊగుతుంది. ఆ ఊగే ప్యాడును ఒక బేరింగుమీద స్వేచ్ఛగా వదిలేస్తారు. దాన్ని ఏదీ బలవంతంగా తిప్పదు. ఊపుకు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. వేగం తగ్గుతున్న బొంగరం తల ఊపుకుంటూ తిరుగుతుంది చూడండి, ఆ తీరు. రెండు కదలికలూ కలిసేసరికి ప్యాడుమీది ఏ బిందువూ వచ్చిన దారిన మళ్లీ వెళ్లదు. దాంతో అది మిగిల్చే అతి సన్న గీతలకు వరస లేదు, దిశ లేదు. కన్ను పట్టుకోవడానికి ఆనవాలే దొరకదు. చెక్క నునుపు చేసే ర్యాండమ్ ఆర్బిట్ శాండర్లదీ ఇదే సూత్రం. వడ్రంగం పనిలో నలిగే సూత్రమే కారుమీదా ఇంత అందం ఇస్తుందంటే నాకు భలే ముచ్చటేసింది.

అంతకన్నా ఆశ్చర్యం ఇంకోటుంది. గట్టిగా నొక్కితే ప్యాడు తిరగడం మానేస్తుంది! ఊగుతూ ఉంటుంది గాని తిరగదు. బలం ఎక్కువైతే మిషనే తగ్గుతుంది కాబట్టి పెయింటు కాలే భయం రోటరీతో పోలిస్తే చాలా తక్కువ. ఆ కుర్రాడు మిషన్ నా చేతికిచ్చాడు.

"నొక్కొద్దు సార్. దాని బరువు దానికి చాలు. ఈ గీత చూస్తా పోనివ్వండి" అన్నాడు.

ప్యాడు వెనక ఉండే బ్యాకింగ్ ప్లేటు అంచుమీద మార్కరుతో ఒక గీత గీసి ఉంది. గీత తిరుగుతుంటే పని జరుగుతున్నట్టు. నిలిచిపోతే నొక్కుడు ఎక్కువైందన్నమాట, లేదా ప్యాడు ఒక పక్కకు వాలిందన్నమాట. కొత్తవాడికి గురువంటూ వేరే అక్కర్లేదు, ఆ గీత చాలు. నేను పట్టింది డ్రైవర్ పక్క డోరు. మొదటి జాగాకే గీతలు పోయాయి. ఏళ్ల అనుభవం ఉంటే తప్ప చేతకాదనుకున్న పని, ఒక మామూలు మనిషి చేతుల్లోకి ఇంత తేలిగ్గా వస్తుందా!

ఇక కొనేవాళ్ల కోసం. ఈ విషయం నేను అడిగి, చదివి, పట్టుకుని చూసి తెలుసుకున్నాను. బజారులో 'ఆర్బిటల్' అని పెట్టెమీద రాసినవన్నీ ఒకటి కావు. చౌకగా దొరికే ఒక రకం ఉంది: పదంగుళాల వెడల్పాటి పళ్లెం, రెండు పక్కలా పిడులు, పళ్లానికి తొడిగే టర్కీ గుడ్డ, ఉన్ని గుడ్డ. మైనం పూయడానికి, పూసింది తుడవడానికి అది పనికొస్తుంది, తప్పు లేదు. కారు టాపులాంటి చదును జాగామీద హాయిగా పోతుంది. కానీ గీతను చెరిపే శక్తి దానికి లేదు. తొడుగు ముడతల్లో దుమ్ము చిక్కితే నల్ల కారుమీద కొత్త గీతలు పెడుతుంది. డోరు హ్యాండిల్ కింద, బంపరు వంపుల్లో దూరదు. నల్ల కారున్నవాళ్లు ఆ డబ్బు దాచుకుని, వెల్క్రోతో ప్యాడు అంటించే అసలు డీఏ కొనుక్కోవాలని నా గట్టి అభిప్రాయం. మైనం పూయడానికీ అదే, గీత తీయడానికీ అదే.

డీఏలో మొదట చూడాల్సింది ఊపు ఎంత అన్నది. ఇటలీలో మిలాన్ దగ్గరి రూపెస్ కంపెనీ 1947 నాటిది. వాళ్ల బిగ్‌ఫుట్ మిషన్లకు ఎల్‌హెచ్‌ఆర్ 15, ఎల్‌హెచ్‌ఆర్ 21 అని పేర్లు. ఆ అంకెలు ప్యాడు ఊగే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో. అమెరికాలో ఇళ్లలో కార్లు పాలిష్ చేసుకునేవాళ్లకు ఏళ్లుగా తెలిసిన పోర్టర్ కేబుల్ 7424 ఎక్స్‌పీది సుమారు 8. ఊపు పెద్దదైతే ఒక్కో వరసలో ఎక్కువ జాగా పూర్తవుతుంది, మెరుపు తొందరగా వస్తుంది. కానీ వంపులమీద ప్యాడు తిరగడం ఆగిపోతూ ఉంటుంది. ఊపు చిన్నదైతే వంపుల్లో బాగా పోతుంది, చదును జాగాలో టైము తీసుకుంటుంది. ఎస్‌యూవీల వెడల్పాటి బానెట్, టాపు చూసి 21 మీద మనసు పోతుంది. నా ఓటు మాత్రం 15కే. డబ్బు సరిపోకపోతే 8 చాలు, ఓపిక కాస్త ఎక్కువ పెట్టాలి, అంతే. రూపెస్ లాంటివి పదుల వేలలో ఉంటాయి. అదే సూత్రంమీద చేసినవి దానిలో చిన్న భాగం ధరకే దొరుకుతున్నాయి. ఒక్క సొంత కారుకైతే అవి హాయిగా సరిపోతాయి.

బలవంతంగా తిప్పే రకం కూడా ఉంది. జర్మనీ ఫ్లెక్స్ కంపెనీ ఎక్స్‌సీ 3401 అలాంటిది, 8 మిల్లీమీటర్ల ఊపు, పళ్ల చక్రంతో ప్యాడును తిప్పుతుంది, నొక్కినా ఆగదు. మకిటా పీవో5000సీలో అయితే రెండు పద్ధతులూ ఉన్నాయి, మీట తిప్పి మార్చుకోవచ్చు. గట్టి పనికి ఇవి మంచివే. మొదటి మిషన్‌గా మాత్రం స్వేచ్ఛగా తిరిగేదే తీసుకోండి. తప్పు జరగబోతే తానే ఆగిపోయే గుణాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

తరవాత వేగం. డయల్‌మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలుంటాయి. మైనానికి ఒకటి, రెండు. గీతలు తీసే పాలిష్‌కు నాలుగు, ఐదు. ఒకటిమీద పెట్టినా బర్రున పరిగెత్తే మిషన్లున్నాయి. అలాంటిది వద్దు, మైనం గోడలదాకా చిమ్ముతుంది. కొట్లో ప్యాడు తగిలించి, ఐదుమీద పెట్టి రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. చేతులు జివ్వుమంటే లోపలి ఎదురు బరువు సరిగ్గా తూగలేదని అర్థం. కారంతా చేసేసరికి సాయంత్రమవుతుంది, అంతసేపు ఆ వణుకు భరించడం కష్టం. ఐదంగుళాల బ్యాకింగ్ ప్లేటు చాలా పనులకు నప్పుతుంది. ఆ ప్లేటూ ప్యాడ్లూ విడిగా దొరుకుతాయో లేదో ముందే అడగండి. వేడికి వెల్క్రో జిగురు వదిలేస్తుంది, ఇవాళ కాకపోతే ఏడాదికైనా మార్చాల్సిందే.

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సంక్రాంతికి వచ్చే అబ్బాయితో తెప్పించుకుందామనుకునే ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఒక్కమాట వినండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజిని మార్చదు. ఆ మిషన్‌ని మన ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు గాని, అంత వాటేజికి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ కంటే బరువుంటుంది. అమెరికా నుంచి ప్యాడ్లు, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు తెప్పించుకోండి, మిషన్ ఇక్కడే కొనండి.

పాలిష్, మైనం ఒకటి కాదని కూడా నాకు అక్కడే తెలిసింది. పాలిష్‌లో అతి సన్నటి రాపిడి పొడి ఉంటుంది, అది గీత చుట్టూ ఉన్న పూతను అరగదీసి గీత అడుగుదాకా చదును చేస్తుంది. మైనం ఏదీ తీయదు. సన్న గీతల్ని నింపి, పైన పొరగా నిలబడి ఎండనూ నీళ్లనూ ఆపుతుంది. క్లియర్ కోటు మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, మన తలవెంట్రుక కన్నా పల్చన. పాలిష్ ఒకసారికి ఒకటి రెండు మైక్రాన్లు తీస్తుంది. కాబట్టి పాలిష్ ఎప్పుడో ఒకసారి, మైనం తరచుగా. లోతైన గీత గోరుకు తగులుతుంటే దాని జోలికి పోవద్దు. అది పెయింటర్ పని.

మైనాల్లో రారాజు కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో సియారా, పియావీ రాష్ట్రాల్లో పెరిగే ఒక చెట్టు ఆకులనుంచి వస్తుంది. వానల్లేని కాలంలో లోపలి తడి పోకుండా ఆ చెట్టు ఆకులమీద మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి ఎండబెట్టి కొడితే పొడిగా రాలుతుంది. ఆ చెట్టు మన తాటిచెట్టు కుటుంబంలోదే! ఎక్కడి బ్రెజిల్ తాటాకు, ఎక్కడి పటమట సెల్లార్! ఈ మైనం 82 నుంచి 86 డిగ్రీల దాకా కరగదు. సహజ మైనాల్లో అంత వేడికి ఆగేవి చాలా తక్కువ. అయినా మన వేసవికి డబ్బాలోని కార్నౌబా పూత కొన్ని వారాలకు మించి నిలవదు. ఎండల్లో కారు బయటే ఉంచాల్సినవాళ్లు సింథటిక్ సీలెంట్ వేసుకుంటే నెలల తరబడి ఉంటుంది. నేనైతే నల్ల కారుకు సీలెంట్ వేసి, పండగలకు దానిమీద కార్నౌబా వేస్తాను. ఆ తడితడి మెరుపు ఇంకెందులోనూ రాదు.

మైనానికి మిషన్ ఎందుకు, చేత్తో పూస్తే పోలేదా అంటారు. పూయొచ్చు. కానీ చేత్తో పూస్తే ఒకచోట దట్టంగా, ఒకచోట పల్చగా పడుతుంది. నల్ల రంగుమీద ఆ దట్టం జిడ్డు మచ్చలుగా తేలుతుంది, ఎంత తుడిచినా ఒక మూల మిగులుతుంది. మెత్తటి ఫోమ్ ప్యాడు, డయల్ ఒకటిమీద, ప్యాడుకు అంటీ అంటనంత మైనం. మిషన్ పూసిన పొర ఉందో లేదో అన్నంత పల్చన. మసక కట్టాక వేలితో గీసి చూడాలి. వేలు పోయిన దారి శుభ్రంగా కనబడితే తుడవొచ్చు. రెండు తుడుపులకు వచ్చేస్తుంది. ప్లాస్టిక్ బీడింగులకు ముందే టేపు వేయడం మరవద్దు, వాటిలో దూరిన మైనం ఆరి తెల్లగా అయ్యాక తీయడం చాలా కష్టం.

మన ఊళ్లో అన్నిటికన్నా పెద్ద షరతు ఎండ. మే నెలలో 45 డిగ్రీలు తాకే రోజులూ మనకుంటాయి. ఆ ఎండలో నిలబెట్టిన నల్ల బానెట్‌మీద చెయ్యి పెట్టలేం. వేడి రేకుమీద పాలిష్ పూస్తే మిషన్ పని మొదలెట్టకముందే ఆరి పొడవుతుంది. అరచేయి ఆనిస్తే చల్లగా తగలాలి, అదే కొలత. కార్తీకం నుంచి మాఘం దాకా పొద్దుటిపూట ఈ పనికి దివ్యంగా ఉంటుంది. వేసవైతే తెల్లవారుజామున, కారు రాత్రంతా సెల్లార్లో ఉండి ఉంటే. ముందు కడగడం రెండు బకెట్లతో: ఒకదాన్లో షాంపూ, ఇంకోదాన్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్లు. తరవాత క్లే బార్ రుద్దితే, కడిగినా వదలని గరుకంతా ఊడొస్తుంది. నల్ల కారుకు ఇది చేయకుండా మిషన్ పెట్టడం వృథా. గుడ్డ నేలమీద పడితే మళ్లీ కారుమీద పెట్టొద్దు, ఎంత ఖరీదైనదైనా సరే.

దసరాకు మన ఊళ్లో ప్రతి బండికీ పూజ. బానెట్‌మీద గంధం, కుంకుమ, పసుపు, పూలదండ. మైనం పట్టిన నల్ల బానెట్‌మీద అవి ఎంత బాగుంటాయో ఈసారి చూశాను, మర్నాడు తడి గుడ్డకు అంతే సులువుగా వచ్చేశాయి. ఇంద్రకీలాద్రి దీపాలన్నీ బావగారి బానెట్‌లో కనబడ్డాయి.

ఇప్పుడు నా కన్ను గుడివాడలో మా పెదనాన్నగారి నల్ల అంబాసిడర్ మీదుంది. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది, ఈయనది అంతకన్నా ఎంతో పాతది. రంగు బూడిదలా వెలిసిపోయింది. ఫోన్లో విషయం చెబితే, "ఒరేయ్, ఆ మిషన్ పెడితే ఉన్న రంగు కూడా ఊడొస్తదేమోరా" అని కంగారు పడ్డారు. ఊడదు పెదనాన్నా అన్నాను. ఆ కాలం కార్లకు క్లియర్ కోటు లేదు, పైన చచ్చిన రంగు పొర మాత్రమే వస్తుంది, కింద అసలు నలుపు అలాగే ఉంటుంది. కాకపోతే గుడ్డకు నలుపంటుతుంది, అది చూసి భయపడనక్కర్లేదు. అయినా ముందు డిక్కీ మూతమీద, నంబరు ప్లేటు పక్కన చిన్న జాగాలో, మెత్తటి ప్యాడుతో, డయల్ మూడుమీద పెట్టి చూస్తాను. ఆయన పక్కనే నిలబడి చూసి సరే అంటేనే బానెట్ దాకా వెళతాను. ప్యాడ్లు మాత్రం నాలుగు ఎక్కువ పట్టుకెళుతున్నాను. అలాంటి రంగుకు ప్యాడు ఒక్క డోరుకే నల్లబడిపోతుంది, కడిగిన ప్యాడు ఆరేదాకా ఆగే ఓపిక నాకు లేదు.